జింకు మడ్డిలోని పాదరసాన్ని ఏం చేయాలి: బొబ్బిలి మిత్రుని ప్రశ్నకు సమాధానం

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో జింక్ సల్ఫేట్ తయారుచేసే చిన్న యూనిట్ నడుపుతున్న మిత్రులొకరు అడిగిన ప్రశ్న ఇది. చవకగా వస్తోందని వారు ఒక వ్యాపారి దగ్గర స్మెల్టర్ల నుంచి, అంటే ఖనిజం నుంచి లోహం తీసే కర్మాగారాల నుంచి, వచ్చిన దుమ్ము, మడ్డి కలిసిన సరుకు 30 టన్నులు కొన్నారు. జింకు శాతం బాగానే ఉంది గాని, పరీక్షకు పంపితే కిలోకు 180 మిల్లీగ్రాముల పాదరసం ఉన్నట్టు తేలింది. పాదరసం వేడికి ఆవిరైపోతుంది కనుక, ఒక బట్టీ కట్టి ఈ సరుకును కాల్చేసి, ఆ తరువాత మామూలుగా యాసిడ్‌లో కరిగించుకోవచ్చా అని వారు అడిగారు. దయచేసి కాల్చవద్దు. కారణం చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. స్మెల్టర్లలో గ్యాస్ శుద్ధి విభాగంలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది కాబట్టి, జవాబు కాస్త పెద్దదయితే మన్నించండి.

ముందుగా లెక్క చూద్దాం. టన్నుకు 180 గ్రాముల చొప్పున 30 టన్నులలో ఉన్న పాదరసం 5.4 కిలోలు. నీటికంటే పదమూడున్నర రెట్లు బరువైన లోహం కాబట్టి ఇదంతా కలిపినా 400 మిల్లీలీటర్లకు, అంటే రెండు గ్లాసులకు మించదు. చూడటానికి ఇంతే. పాత జ్వరం థర్మామీటర్‌లో గ్రాము పాదరసం ఉంటుందనుకుంటే, మీ షెడ్డులో ఐదువేలకు పైగా థర్మామీటర్లు పగలగొట్టినంత సరుకు ఉందన్నమాట. పాదరసం మూలకం. దాన్ని కాల్చి బూడిద చేయలేము, ఏ రసాయనంతోనూ లేకుండా చేయలేము. ఒక చోట నుంచి తీశామంటే మరో చోట పెట్టామనే అర్థం. కనుక ఏ పద్ధతిని ఎంచుకున్నా, ఈ 5.4 కిలోలు చివరికి ఎక్కడ జమ అవుతాయో పద్దు రాసి చూపగలగాలి. బట్టీ పద్ధతిలో ఆ జమ మీ కూలీల ఊపిరితిత్తుల్లోనూ, చుట్టుపక్కల పొలాల్లోనూ పడుతుంది.

ఈ పాదరసం మీ సరుకులోకి ఎలా వచ్చిందో తెలిస్తే దాన్ని పట్టుకోవడం తేలిక. జింకు, రాగి, సీసం దొరికే గంధకపు ఖనిజాలలో, ముఖ్యంగా జింకు సల్ఫైడ్ స్ఫటికాలలో, పాదరసం కొద్ది కొద్దిగా కలిసే ఉంటుంది. ఆ ఖనిజాన్ని రోస్టర్‌లో 950 డిగ్రీల దగ్గర కాల్చినప్పుడు గంధకం సల్ఫర్ డయాక్సైడ్‌గా మారుతుంది. 357 డిగ్రీలకే మరిగే పాదరసం మొత్తంగా ఆవిరై ఆ గ్యాస్‌తోపాటు ప్రయాణం కడుతుంది. బాయిలర్, దుమ్ము రాల్చే సైక్లోన్, విద్యుత్తుతో సన్నని దుమ్మును లాగే వేడి ఈఎస్పీ దాటే వరకు అది పెద్దగా ఎక్కడా ఆగదు. తరువాత నీటితో గ్యాస్‌ను కడిగే స్క్రబ్బర్‌లో అది చల్లబడినప్పుడు కొంత భాగం సెలీనియంతో కలిసి మడ్డిలో దిగిపోతుంది. మిగిలినది తడి ఈఎస్పీని కూడా దాటుకుని, ఆపే ఏర్పాటు లేకపోతే, నేరుగా సల్ఫ్యూరిక్ యాసిడ్‌లోకి వెళ్లి చేరుతుంది. ఒక టన్ను జింకు ఖనిజం నుంచి దాదాపు ఒక టన్ను యాసిడ్ వస్తుంది కాబట్టి, ఖనిజంలో టన్నుకు 50 గ్రాముల పాదరసం ఉంటే, అందులో మడ్డిలో ఆగినది పోగా మిగిలినదంతా యాసిడ్‌లో తేలుతుంది. అందుకే మీరు కొనే యాసిడ్‌కు కూడా పాదరసం సర్టిఫికెట్ అడగండి. మడ్డి ఒక్కదాన్నే అనుమానించి యాసిడ్‌ను వదిలేస్తే పద్దులో ఒక కాలమ్ ఖాళీగా ఉండిపోతుంది.

పెద్ద స్మెల్టర్లలో ఈ దారికి అడ్డం వేసే టవర్ ఒకటి ఉంటుంది. 1970ల ప్రారంభంలో నార్వేలోని ఓడా పట్టణపు జింకు కర్మాగారంలో రూపొందిన ఈ పద్ధతిని బోలిడెన్-నార్‌జింక్ పద్ధతి అంటారు. నాకు తెలిసినంతలో ఇంత అందమైన రసాయన కౌశలం మరొకటి లేదు, ఎందుకంటే అక్కడ పాదరసాన్ని పట్టడానికి పాదరసాన్నే ఎర వేస్తారు. మెర్క్యూరిక్ క్లోరైడ్ ద్రావణాన్ని టవర్ పైనుంచి వాన కురిపించినట్టు కురిపిస్తుంటే, కింది నుంచి వచ్చే గ్యాస్‌లోని పాదరసపు ఆవిరి దానితో కలిసి కాలోమెల్ అనే తెల్లని, నీటిలో దాదాపు కరగని పొడిగా దిగిపోతుంది. ఆ పొడిలో కొంత భాగానికి క్లోరిన్ పట్టించి మళ్లీ మెర్క్యూరిక్ క్లోరైడ్‌గా మార్చుకుంటారు. మిగిలినది బయటకు తీసి భద్రపరుస్తారు. సల్ఫర్ డయాక్సైడ్ ఈ ద్రావణాన్ని చెడగొట్టకుండా అందులో అదనంగా క్లోరైడ్ ఉంచాలి. గ్యాస్‌ను 40 డిగ్రీల లోపుకు చల్లబరచాలి. నా అనుభవంలో వేసవి మధ్యాహ్నాలలో కూలింగ్ టవర్ నీరు వేడెక్కి గ్యాస్ ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు పెరిగితే చాలు, సాయంత్రానికి యాసిడ్ నమూనాలో పాదరసం అంకె మారిపోయేది. ఈ టవర్ ఉన్నా ముందున్న స్క్రబ్బర్ మడ్డి ఎలాగూ మిగులుతుంది, టవర్ లేని పాత కర్మాగారాలలో అది ఇంకా ఎక్కువ. అలాంటి మడ్డే చేతులు మారి మీ దగ్గరకు వచ్చి ఉంటుందని నా ఊహ.

ఇక బట్టీ సంగతి. పాదరసం మరిగేదాకా ఆగి ఆవిరయ్యే పదార్థం కాదు, గది వేడికే ఆవిరవుతుంది. 20 డిగ్రీల వద్ద నిండుగా ఆవిరి పట్టిన గాలిలో ఘనమీటరుకు సుమారు 13 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వద్ద సుమారు 30, మన వేసవికి మామూలైన 40 డిగ్రీల వద్ద 60 మిల్లీగ్రాములు ఉంటుంది. ఎనిమిది గంటల పనికి వృత్తి ఆరోగ్య నిపుణులు అంగీకరించే పరిమితి ఘనమీటరుకు 0.025 మిల్లీగ్రాములు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే బట్టీ గురించి వేరే చెప్పనక్కరలేదు. కండెన్సర్ పెట్టి చల్లార్చి పట్టుకుంటామని అనేవారికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. కండెన్సర్ నుంచి గ్యాస్ 30 డిగ్రీల వద్ద గంటకు 100 ఘనమీటర్ల చొప్పున బయటకు వస్తుంటే, అది ఎంత బాగా పనిచేసినా రోజుకు 72 గ్రాముల పాదరసం గొట్టంలోంచి గాలిలోకి పోతూనే ఉంటుంది. చల్లని నీటి యంత్రం పెట్టి 10 డిగ్రీలకు దించితే ఇది ఐదో వంతుకు తగ్గుతుంది. ఆ మిగిలినదాన్ని గంధకం ఎక్కించిన యాక్టివేటెడ్ కార్బన్ గుండా పంపితే గాని పట్టుకోలేము.

తొంభైలలో నేను పనిచేసిన ఒక చోట, పేరు అనవసరం, షట్‌డౌన్‌లో తీసిన మడ్డిని సిమెంటు గచ్చు మీద ఎండబెట్టారు. తడి బరువుకు లారీ కిరాయి ఎందుకు దండగ అన్నది అప్పటి వాదన. మే నెల. పక్కనే ఉన్న రేకుల నీడలో ఒక హెల్పర్ మధ్యాహ్నాలు పడుకునేవాడు. మూడు నెలల తరువాత జీతాల రిజిస్టర్‌లో అతని సంతకం వంకర్లు పోవడాన్ని మొదట గమనించింది డాక్టరు కాదు, టైం ఆఫీసు గుమస్తా. పాదరసపు ఆవిరి మొదట చేతివేళ్ల వణుకుగా, కోపంగా, నిద్రలేమిగా బయటపడుతుందని మేమంతా పుస్తకాలలో చదివిన వాళ్లమే. అయినా ఎవరికీ తట్టలేదు. అతణ్ని ఆ పని నుంచి తప్పించాక కొన్ని నెలలకు వణుకు తగ్గింది. అప్పటి నుంచి మడ్డి ఎండబెట్టే మాట వింటే నాకు ఆ రిజిస్టరే గుర్తుకొస్తుంది.

ఎండబెట్టడం అనగానే మరో విషయం చెప్పాలి. మీ ల్యాబ్ రిపోర్టులోని 180 అనే అంకెను అప్పుడే నమ్మకండి. తేమ శాతం కోసం నమూనాను 105 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి, అదే నమూనాలో పాదరసం కూడా చూసే అలవాటు చాలా ల్యాబ్‌లలో ఉంది. అలా చేస్తే కొంత పాదరసం ఓవెన్ లోనే ఎగిరిపోతుంది. అసలు అంకె 180 కంటే ఎక్కువే ఉండవచ్చు. తడి నమూనాను గాజు సీసాలో గట్టిగా మూత బిగించి పంపి, తేమను వేరే ముక్క మీద చూడమని, పాదరసం కోసం మూసిన పాత్రలోనే యాసిడ్‌లో కరిగించి కోల్డ్ వేపర్ పద్ధతిలో కొలవమని రాసి ఇవ్వండి. సరుకంతా ఒకే రకంగా ఉండదు కనుక కనీసం పది పన్నెండు చోట్ల నుంచి తీసిన నమూనాలు పంపాలి. ఒక్క గుప్పెడు మట్టితో 30 టన్నుల సంగతి తేల్చడం కాకి లెక్క.

అంకె ఎంత ముఖ్యమో, రూపం అంతకంటే ముఖ్యం. ఇంగిలీకం రూపంలో, అంటే గంధకంతో కలిసిన మెర్క్యూరిక్ సల్ఫైడ్‌గా ఉంటే, పాదరసం మీ పలుచని సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరగదు. సెలీనియంతో కలిసినదీ అంతే. ఆక్సైడ్‌గా, సల్ఫేట్‌గా, మెర్క్యూరిక్ క్లోరైడ్‌గా ఉంటే జింకుతోపాటు ద్రావణంలోకి దిగిపోతుంది. ఏ రూపం ఎంత ఉందో తెలుసుకోవడానికి లక్షల ఖర్చు అక్కరలేదు. వంద గ్రాముల సరుకును మీరు రోజూ వాడే బలం, వేడి, సమయం ప్రకారమే ల్యాబ్‌లో పొగగూటి కింద యాసిడ్‌లో కలిపి, వడపోసి, వడపోత ద్రావణంలో ఎంత, మిగిలిన పిప్పిలో ఎంత పాదరసం ఉందో విడివిడిగా చూడండి. రెండూ కలిపితే మొదటి అంకెకు దగ్గరగా రావాలి. రాలేదంటే తేడా గాలిలోకి పోయిందని అర్థం. మీ తదుపరి అడుగు పూర్తిగా ఈ పరీక్ష మీదే ఆధారపడి ఉంటుంది.

పాదరసంలో అత్యధిక భాగం పిప్పిలోనే మిగిలితే మీ పని చాలావరకు సుళువైనట్టే. సీసపు సల్ఫేట్, ఇసుక, గంధకం ఉన్న ఆ పిప్పిలో పాదరసం చిక్కబడి, తక్కువ బరువులో ఎక్కువ ఉంటుంది. దాన్ని సీసం కోసం ఎవరికో అమ్మేయాలనే ఆశ కలుగుతుంది. కొన్నవాడు దాన్ని కొలిమిలో వేసిన రోజున మీ పద్దులోని పాదరసం అతని గాలిలో జమ అవుతుంది కనుక, పాదరసం సంగతి రాతపూర్వకంగా చెప్పకుండా, అనుమతి లేని చోటికి ఆ పిప్పి వెళ్లకూడదు.

పాదరసం ద్రావణంలోకి దిగితే అసలు పని మొదలవుతుంది. మీరు ఇప్పుడు కాడ్మియం, సీసం, రాగి తీయడానికి జింకు పొడి వేస్తున్నారు కదా. ద్రావణంలోని పాదరసం కూడా ఆ జింకు పొడి మీదే అమాల్గంగా, అంటే లోహంతో కలిసిన పాదరసపు మిశ్రమంగా, పట్టేస్తుంది. ద్రావణం శుభ్రపడుతుంది, మీ జింక్ సల్ఫేట్ పరీక్షలో నెగ్గుతుంది, పాదరసం మాత్రం వడపోతలో మిగిలే రాగి-కాడ్మియం ముద్దలోకి (కేకులోకి) చేరి, కాడ్మియం తీసేవాళ్లు దాన్ని వేడిచేసే వరకు మౌనంగా కూర్చుంటుంది. చాలా యూనిట్లలో తెలియకుండానే జరుగుతున్నది ఇదే. అందుకే జింకు పొడి కంటే ముందే, ఒక ప్రత్యేకమైన అంచెలో, పాదరసాన్ని గంధకంతో పట్టుకోవాలని నా సలహా. మెర్క్యూరిక్ సల్ఫైడ్ ఎంత కరగని పదార్థమంటే, జింకు ద్రావణంలో ఎంత ఉన్నా, కొద్దిపాటి సల్ఫైడ్ వేస్తే అది ముందు పాదరసాన్నీ రాగినీ వెతుక్కుంటుంది. మీ 5.4 కిలోల పాదరసానికి లెక్కప్రకారం కావలసిన గంధకం 900 గ్రాముల లోపే. రాగి, కాడ్మియం కూడా కొంత తినేస్తాయి కాబట్టి ఆచరణలో ఎక్కువే పడుతుంది. ఎంతన్నది బీకరులో చూసుకోవాలి.

ఇక్కడ ప్రాణాపాయం ఉన్నందున వివరంగా రాస్తున్నాను. సోడియం సల్ఫైడ్‌ను ఆమ్ల ద్రావణంలో నేరుగా పోస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు లేస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన వచ్చిందంటేనే ప్రమాదం మొదలైనట్టు, వాయువు ఎక్కువైతే ఆ వాసన తెలియడం కూడా ఆగిపోయి మనిషి పడిపోతాడు. కనుక మొదట ఇనుమును తీసే అంచె పూర్తిచేసి, ద్రావణాన్ని 4.5, 5 పీహెచ్ మధ్యకు తెచ్చాక, సోడియం సల్ఫైడ్ బదులు టీఎంటీ-15 వంటి సేంద్రియ గంధకపు మందును చుక్కలుగా కొలిచి వాడటం చిన్న యూనిట్లకు మేలు. ఖరీదు ఎక్కువే అయినా మీకు కావలసింది కొద్దిగానే. ఏ సల్ఫైడ్ అయినా మోతాదు మించకూడదు. ముఖ్యంగా సున్నం వేసి క్షారం చేసిన నీటిలో సల్ఫైడ్ మిగిలిపోతే, దిగిన పాదరసమే మళ్లీ కరిగి పైకి వస్తుంది. ఇంకొక చిక్కు, ఈ సల్ఫైడ్ రేణువులు అతి సన్నగా ఉండి ఫిల్టర్ గుడ్డలోంచి జారిపోతాయి. ద్రావణం కంటికి తేటగానే కనిపిస్తుంది, ల్యాబ్ మాత్రం పాదరసం ఉందంటుంది. అప్పుడు మందు ఇంకా వేయడం పొరపాటు. ఒక గంట నిదానంగా కలుపుతూ ఉంచి, కొద్దిగా ఫెర్రిక్ సల్ఫేట్‌తో రేణువులను ముద్దకట్టించి, సన్నని ఫిల్టర్ గుండా, చివరగా గంధకం ఎక్కించిన కార్బన్ గుండా పంపాలి. కడుగు నీటికి కూడా ఇదే దారి. చెరువులోకో గెడ్డలోకో వదిలే నీటిలో పాదరసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు మించరాదు, తాగే నీటికైతే భారత ప్రమాణం 0.001 మాత్రమే.

మూసిన పాత్రలో వేడిచేసి పాదరసాన్ని ఆవిరిగా లాగి చల్లార్చి పట్టే రిటార్ట్ సంగతి క్లుప్తంగా. బంగారు గనులలో సయనైడ్ బంగారంతోపాటు పాదరసాన్ని కూడా కరిగించి తెస్తుంది కాబట్టి, అక్కడ ద్రావణం నుంచి తీసిన బంగారపు ముద్దను కొలిమిలో కరిగించే ముందు మూసిన రిటార్ట్‌లో, పీడనం తగ్గించి, 600 నుంచి 700 డిగ్రీల వరకు గంటల తరబడి వేడిచేసి పాదరసాన్ని లాగేస్తారు. విలువైన బంగారం ఉంది కాబట్టి ఆ ఖర్చు గిట్టుతుంది. మీ మడ్డిలో క్లోరైడ్ ఉంటే రిటార్ట్‌లో ద్రవ పాదరసం బదులు మెర్క్యూరిక్ క్లోరైడ్ తెల్లని పొడిగా కండెన్సర్‌లో పేరుకుంటుంది. అది నీటిలో కరిగే విషం. దాన్ని ఆపడానికి ముందే సున్నం కలపాలి. అయిదున్నర కిలోల పాదరసం కోసం ఇంత ఏర్పాటు చేయడం నా దృష్టిలో అర్థం లేని పని.

పట్టుకున్న సల్ఫైడ్ కేకు కొద్దిగానే ఉంటుంది. దానికి అదనంగా గంధకపు పొడి కలిపి మూసిన మిక్సర్‌లో తడిగా నూరితే, విడిగా మిగిలిన పాదరసం కూడా నల్లని సల్ఫైడ్‌గా కట్టుబడుతుంది. మన రసవైద్యులు పాదరసాన్ని గంధకంతో నూరి కజ్జలి చేసేది ఇదే సూత్రం మీద. అది చదివి కల్వంలో చేతితో నూరమని మాత్రం నేను అనడం లేదు. ఆ తరువాత వ్యర్థం నుంచి నీటిలోకి ఎంత దిగుతుందో చూసే లీచింగ్ పరీక్షలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల లోపు వచ్చేలా చూసుకుని, డ్రమ్ములలో ముద్రవేసి, ఫారం 10 మ్యానిఫెస్టుతో, అంటే రవాణా పత్రంతో, పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. మీ దగ్గర ఫారం 3 రిజిస్టర్, ఏడాదికి ఫారం 4 రిటర్న్ ఉండాలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు అడిగేది ఇదే. మంచి సరుకు కలిపి పాదరసం శాతాన్ని తగ్గించి వాడేయమని సలహా ఇచ్చేవాళ్లు కూడా తగులుతారు. కలిపితే అంకె తగ్గుతుంది, కిలోలు తగ్గవు.

ఈ పాదరసం రైతుల పొలాలకు చేరుతుందేమోనని కూడా మీరు ఆందోళనపడ్డారు. ఇక్కడ నిజాయితీగా లెక్క చెబుతాను. వరి ఆకులపై తుప్పు మచ్చలు కనబడగానే మన వైపు రైతులు ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేస్తారు. మీ ఉత్పత్తిలో కిలోకు 10 మిల్లీగ్రాముల పాదరసం మిగిలిందనుకున్నా, ఎకరాకు చేరేది 0.2 గ్రాములు. మామూలు నేలలో పైపొరలోనే సహజంగా ఎకరాకు నలభై గ్రాముల వరకు ఉండవచ్చు కాబట్టి, ఇది ఒక్కటే చూస్తే చిన్న అంకె. అయితే నీరు నిలిచి గాలి ఆడని వరి మడిలో కొన్ని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. కొత్తగా, కరిగే రూపంలో చేరినది పాతదానికంటే తేలికగా అలా మారుతుంది. చైనాలోని వాన్‌షాన్ పాదరసపు గనుల ప్రాంతంలో ఈ రూపం బియ్యం గింజల్లోకి చేరినట్టు తేలింది. 1956లో జపాన్‌లోని మినమాటలో బయటపడిన వ్యాధికి చేపల ద్వారా చేరిన మిథైల్ పాదరసమే కారణం. ఆ ఊరి పేరిటే వచ్చిన ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది, జింకు, సీసం, రాగి కరిగించే కర్మాగారాల పొగలు దాని పరిధిలో ఉన్నాయి. అంటే, ఉత్పత్తి సంచి కంటే మీ పిప్పి కుప్ప, మీ పొగగొట్టం నన్ను ఎక్కువ భయపెడుతున్నాయి.

గరివిడి వైపు ఫర్నేసులలో పనిచేసే ఇద్దరు ముగ్గురు మిత్రులు మాంగనీసు ఖనిజంతో పాదరసాన్ని పట్టవచ్చా అని విడిగా అడిగారు. ఆలోచన తప్పు కాదు. మాంగనీసు డయాక్సైడ్, రాగి ఆక్సైడ్ కలిపి చేసిన హాప్‌కలైట్ గాలిలోని పాదరసపు ఆవిరిని గట్టిగా పట్టుకుంటుంది. గాలి నమూనాలు తీసే చిన్న గాజు గొట్టాలలో నింపేది కూడా దానినే. అయితే అది ప్రత్యేకంగా తయారుచేసిన, ఉపరితలం విస్తారంగా ఉన్న పొడి. గర్భాం మాంగనీసు గని నుంచి తెచ్చిన రాయిని నూరి డబ్బాలో పోస్తే ఆ పని చేయదు.

మీరు రేపే చేయవలసిన పని మాత్రం వేరే ఉంది. సరుకు ఇప్పుడు రేకుల షెడ్డులో మట్టి నేల మీద, సగం బయట ఉందని రాశారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు షెడ్డుల పైకప్పులు ఎలా లేచిపోయాయో మనం చూశాం. బొబ్బిలి సముద్రానికి దూరమే అయినా గాలివాన అక్కడి దాకా రాదనుకోలేము. వానాకాలం ముదిరేలోగా సరుకును తడిగానే, దుమ్ము లేవకుండా, లోపల ప్లాస్టిక్ పొర ఉన్న సంచులలోకి ఎత్తించి, గచ్చు మీద చెక్కల పైన పేర్చి, చుట్టూ అడుగు ఎత్తు గట్టు కట్టించండి. ఎత్తే వారికి గుడ్డ ముసుగు చాలదు, పాదరసపు ఆవిరికి తగిన కార్ట్రిడ్జ్ ఉన్న ముసుగు ఇవ్వండి. పని మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి వారి మూత్ర పరీక్ష చేయించండి. సరుకు అమ్మిన వ్యాపారికి కూడా ఒక ఉత్తరం రాసి, ఇది ఏ స్మెల్టర్‌లో ఏ విభాగం నుంచి వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. అతను చెప్పకపోతే సరుకు వెనక్కి ఇవ్వడానికి అదొక ఆధారం అవుతుంది. వంద గ్రాముల పరీక్ష ఫలితాలు, యాసిడ్ సర్టిఫికెట్ వచ్చాక ఇక్కడే రాయండి, మందు మోతాదు లెక్క కలిసి చూద్దాం.